జింకల కుంటకు పురావస్తు కాపలా కావాలా?

మెట్టజీవి (పత్తికొండ): మా ఊరి బీడులో కృష్ణజింకల కోసం ఊటకుంట తవ్వాలని జేసీబీ తెప్పించారు. పక్కనే రాక్షసగుళ్లు (పాతకాలపు పెద్దరాళ్ల సమాధులు) ఉన్నాయని, పురావస్తు తెలిసిన మనిషి వచ్చి నిలబడేదాకా తవ్వొద్దని ఒక పెద్దాయన అడ్డుపడ్డారు. ఎండలు ముదిరాయి, జింకలు రోడ్డెక్కుతున్నాయి. ఆగాలా, తవ్వాలా?

కుంటగట్టు: తవ్వండి. సేద్యపు కుంటకు ఎవరూ రారు. మూగజీవాలకు గుక్కెడు నీళ్లనేసరికి అందరికీ చరిత్ర గుర్తొస్తుంది. పైగా ఏదో దొరికిందని తెలిస్తే రాత్రికి గుప్తనిధుల వాళ్లు దిగుతారు.

పెంకుముక్క: అన్నా, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం సంగతి చూడండి. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద అక్కడ పొరగా ఉంది. గిన్నెలు తోమే పొడి కోసం దాన్ని తవ్వి అమ్మేవారు. ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో లోకానికి తెలిసింది.

కుంటగట్టు: తవ్వబట్టే కదా తెలిసింది!

పెంకుముక్క: గోతి అంచు మిగలబట్టి తెలిసింది. లారీకెక్కిన మట్టిలో ఏం పోయిందో ఎవరు చెబుతారు?

కాపలా అంటే ఏళ్ల తరబడి పని ఆపడం కాదు. ఇంగ్లండులో ఇలాంటి పనులకు పళ్లు లేని బకెట్‌తో మట్టిని పలచగా, పొర తరువాత పొరగా తీయిస్తారు. ఒక మనిషి పక్కన నిలబడి మట్టి రంగు మారుతోందా అని చూస్తాడు. ఏమీ దొరక్కపోతే ఆ మాటే రాసిపెడతాడు. మన దగ్గర పళ్ల బకెట్ ఒక్క పోటుతో అడుగున్నర లేపుతుంది. ఒకసారి నా కళ్లముందే లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ పైకొచ్చింది, నోరు మాత్రం పగిలింది. డ్రైవరు దిగి చూసి ‘పాత కుండ సార్’ అని మట్టితోపాటే కట్టమీద పోశాడు. ఇప్పుడు అక్కడ తుమ్మ మొలిచింది.

గడ్డినేల: అసలు కుంటే ఎందుకు? 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి అనే అరుదైన పిట్టకు కావలసింది పొదలు, వాటి మధ్య ఖాళీ నేల. అలాంటి చోట యంత్రం తిరిగితేనే నష్టం. ఈ బీడూ అంతే. తొట్టె పెట్టి ట్యాంకరుతో నింపండి.

కుంటగట్టు: ట్యాంకరుకు రోజూ డబ్బులు మీరు పంపుతారా? సరే, గుళ్లకు దూరంగా, వంక పక్కన తవ్వితే సరిపోతుందా?

పెంకుముక్క: చిక్కంతా అక్కడే. ఆ కాలం వాళ్లూ నీళ్లు చూసుకునే కాపురం పెట్టారు. వంక పక్కనే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మెట్టజీవి: డ్రైవరును అడిగాను. పూడిక తీసే వెడల్పు బకెట్, పళ్లు లేనిది, డోన్‌లో ఉందట. రేపు తెస్తానన్నాడు. అడ్డుపడిన పెద్దాయనను కూడా రమ్మన్నాను, గొడుగు తెచ్చుకోమని చెప్పాను.

కుంటగట్టు: రెండు రోజులు చూస్తాను. మూడో రోజుకు నీళ్ల లెక్క అడుగుతాను.