జూదం అప్పులకు నాన్న పొలం అమ్మాలా?

మెరకపొలం: మా తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలోనూ క్రికెట్ బెట్టింగుల్లోనూ 14 లక్షల అప్పు మిగిల్చాడు. బ్యాంకు వ్యక్తిగత రుణం 5 లక్షలు, క్రెడిట్ కార్డుల మీద 2 లక్షలు, లోన్ యాప్‌లలో లక్ష, ఊళ్లో ప్రోనోట్ల మీద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 6 లక్షలు. ఇప్పుడు ఆట మానేశాడు, డాక్టరు దగ్గరకు వెళ్తున్నాడు, ఉద్యోగమూ ఉంది. ఎకరం అమ్మి అందరికీ ఒకేసారి కట్టేద్దామని నాన్న పట్టుబడుతున్నారు. నేను వద్దన్నందుకు నాకు తమ్ముడి మీద ప్రేమ లేదంటున్నారు. మీరేమంటారు?

వడ్డీలెక్క: నాన్నగారి మాటే సరైనది. 6 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 18,000, ఏడాదికి 2,16,000. ఎకరం మీద అంత కౌలు ఎక్కడైనా వస్తుందా? ఇవాళ ఎకరంతో పోయేది రేపు రెండెకరాలు అడుగుతుంది.

నిదానం: లెక్క కాదనను. కానీ అప్పు తీరిన మర్నాడు ఏమిటి? కార్డుల పరిమితి మళ్లీ నిండుగా ఉంటుంది, యాప్‌లు మళ్లీ పిలిచి మరీ అప్పిస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, పార్లమెంటు 2025 ఆగస్టులో నిషేధించాయి. ఆడాలనుకున్నవాడికి దారి దొరుకుతూనే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో 1957లో మొదలైన, జూదం మానాలనుకునేవాళ్ల సంఘం గ్యాంబ్లర్స్ అనానిమస్ వాళ్లూ ఇంట్లోవాళ్లు అప్పు తీర్చేయడాన్ని మెచ్చరు. ఎంత కొంచెమైనా ఆడినవాడే తన సంపాదనలోంచి కట్టాలంటారు.

సూటిమాట: అసలు ఎందుకు కట్టాలి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే సరి.

పాతగుమస్తా: సూటిమాట గారూ, ఆ సెక్షన్ పందెం కాసినవాళ్ల మధ్య లెక్కకు. బ్యాంకు ఇచ్చింది అప్పు, దాన్ని ఎక్కడ పోగొట్టుకున్నాడన్నది బ్యాంకుకు అనవసరం. ఇక ఐపీ అంటారా? 1920 నాటి దివాలా చట్టమే 42వ సెక్షన్‌లో జూదం వల్ల దివాలా తీసినవాడికి పూర్తి విముక్తి ఇవ్వొద్దని రాసింది. ఐపీ నోటీసు అందుకున్న ఊరివాళ్లు పెళ్లికైనా పిలవరు, అది వేరే సంగతి.

మెరకపొలం గారూ, రెండు విషయాలు చెప్పండి. నోట్ల మీద మీ నాన్నగారి సంతకం ఉందా? హామీ సంతకం లేకపోతే పెళ్లీడుకొచ్చిన కొడుకు అప్పుకు తండ్రి బాధ్యుడు కాడు. ఎవరి దగ్గరైనా సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఉన్నాయా? చెక్కు బౌన్సయితే నోటీసు అందాక 15 రోజుల్లో కట్టాలి, లేకపోతే రెండేళ్ల వరకు జైలుశిక్ష పడే కేసు అవుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ చెక్కుల సంగతి.

మెరకపొలం: 3 లక్షల నోట్లలో నాన్న హామీ ఉంది. ఒకాయన దగ్గర రెండు ఖాళీ చెక్కులున్నాయి. యాప్‌వాళ్లు రాత్రి తొమ్మిదికి అమ్మకు ఫోన్ చేస్తున్నారు.

పాతగుమస్తా: రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం రికవరీవాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను వాడుకోకూడదని 2022లోనే చెప్పింది. ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫొటోలు మార్చి బెదిరిస్తే ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వడ్డీలెక్క: సరే, ఎకరం మాట వదిలేద్దాం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి నోట్లు తీర్చండి. ఊళ్లో ఏడాదికి 36 శాతం కడుతున్నారు, బ్యాంకులో అందులో సగం కూడా ఉండదు.

నిదానం: అంటే పొలం బదులు అమ్మ గాజులా? నాన్న హామీ ఉన్న 3 లక్షల వరకైతే ఒప్పుకుంటాను. అదీ తమ్ముడి జీతం నేరుగా అన్నగారి చేతికి వచ్చి, ఆ వాయిదా అందులోంచే పోతేనే.

మెరకపొలం: తమ్ముడు ఒప్పుకున్నాడు. ఏటీఎం కార్డు నాకిచ్చాడు. నాన్న మాత్రం ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఆదివారం నోట్లవాళ్లను ఇంటికి పిలిచాం.

పాతగుమస్తా: డబ్బు పూర్తిగా కట్టిన నోటు చించకండి, వెనుక పూర్తి చెల్లు రాయించి సంతకం తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి. కొంత మాత్రమే కట్టిన నోటు మీద మీ తమ్ముడు చెల్లు రాసి సంతకం పెడితే వాళ్లు దావా వేయడానికి ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది, అది తెలిసే పెట్టాలి. చెక్కులు బల్లమీద పెట్టాకే నగదు బయటకు తీయండి.