మాల్టా భూగర్భ కట్టడం: గుడా, శ్మశానమా?

శిలాప్రియ: మాల్టా దీవిలో పావోలా పట్టణపు ఇళ్ల కింద హాల్ సఫ్లియెని అనే కట్టడం ఉంది. క్రీ.పూ. 4000-2500 మధ్య సున్నపురాయిని మూడు అంతస్తులుగా తొలిచారు. కొందరు భూగర్భ ఆలయం అంటారు, కొందరు శ్మశానం అంటారు. మీరేమంటారు?

సందేహి: ఇందులో చర్చకు ఏముంది? తవ్వకాలు జరిపిన జామిట్ అంచనా ప్రకారం అక్కడ దాదాపు 7000 మంది ఎముకలున్నాయి. అన్ని ఎముకలున్న చోటును శ్మశానం అనక ఏమంటారు?

రాతిపూత: ఎముకలు దాచడానికి గుంత చాలు కదండీ. మధ్య అంతస్తులోని ముఖ్యమైన గది ముఖద్వారం ఫొటో చూడండి. నిలువు రాళ్లు, వాటి మీద అడ్డదూలం, ఆ పైన వరుస వరుసకూ ముందుకు జరిగే కప్పు. నేల మీద రాళ్లు పేర్చి కట్టే గుడికి కప్పు అలా ఉండక తప్పదు. ఇక్కడ అంతా ఒకే బండ, ఆ దూలం మోసే బరువేమీ లేదు. అయినా గుడి రూపాన్ని చెక్కారు. అదీ లోహమే ఎరుగని కాలంలో, చెకుముకి రాళ్లతో, జంతువుల కొమ్ములతో! ఇంకో గది కప్పు మీద ఎర్రమట్టి రంగుతో చుట్టలు చుట్టిన తీగలు గీశారు. శవాల కోసమేనా ఇంత పని?

నాదం: ఆ తీగలు గీసిన గదిలో లోగొంతుతో పలికితే కట్టడమంతా మారుమోగుతుంది. 110 హెర్ట్జ్ దగ్గర ఆ మోత హెచ్చుతుందని కొలిచి చెప్పారు. మంత్రాల కోసమే అలా తొలిచారు.

సందేహి: నాదం గారూ, బావిలోకి తొంగి అరిచినా మోగుతుంది. మోగడం వేరు, మోగాలని తొలచడం వేరు.

పాతగట్టు: అసలు చిక్కు వేరే ఉంది. 1902లో ఇళ్లకు నీటితొట్టెలు తవ్వుతున్నవాళ్లకు ఇది బయటపడితే మొదట గుట్టుగా ఉంచారు. తర్వాత తవ్విన ఫాదర్ మాగ్రి 1907లో ట్యునీషియాలో మరణించారు, ఆయన రాసుకున్న వివరాలు దొరకలేదు. అంటే ఆయన ఖాళీ చేసిన గదుల్లో ఏ ఎముక ఎక్కడుందో ఇక తెలియదు. అందుకే నేను పక్క దీవి గోజోలోని షారా వలయాన్ని, అంటే అదే కాలపు భూగర్భ ఖనన స్థలాన్ని చూస్తాను. 1987-94 మధ్య అక్కడ జాగ్రత్తగా తవ్వారు. శవాన్ని ఉంచడం, కొంతకాలానికి ఎముకలను కదిలించడం, వేరుచేసి పేర్చడం కనిపించాయి. అంత్యక్రియలే పూజ అయినచోట మీ రెండు పేర్లూ ఒకటే.

సందేహి: ఒకటే అయితే, హాల్ సఫ్లియెనికి దగ్గర్లోనే ఉన్న తార్షీన్ గుళ్లలో ఆ కాలంవాళ్లు తమ చనిపోయినవాళ్లను ఎందుకు పూడ్చలేదు? తేడా వాళ్లకు బాగానే తెలుసు, పాతగట్టు గారూ.