లంకలో ఇంటికి బీమా: వరదకు వస్తుంది, గోదారి కోతకు వస్తుందా?

ప్రశ్న: లంకపిల్ల

అందరికీ నమస్కారమండీ. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదారి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. ఉద్యోగం వల్ల నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను, అమ్మా నాన్నా ఊళ్ళోనే. ముందు భాగం నాన్నగారు లోన్ పెట్టి కట్టిన స్లాబు ఇల్లు. వెనక తాతయ్య నాటి పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని తాటాకు పశువుల పాక. చుట్టూ కొబ్బరిచెట్లు.

2022 జూలై వరదకి ఇంట్లోకి నీళ్ళొచ్చి ఫ్రిజ్, మంచాలు, వాషింగ్ మెషీన్ అన్నీ పోయాయి. అమ్మని పునరావాస కేంద్రానికి పంపించి, దొంగల భయంతో నాన్నగారు డాబా మీదే ఉండిపోయారు. అప్పట్నుంచి శ్రావణం వస్తోందంటే నాకు టెన్షనే.

ఇంటికి బీమా చేయిద్దామంటే నాన్నగారు "లోన్‌తో పాటే బ్యాంకోళ్ళు చేశారు కదమ్మా" అంటున్నారు. ఆ కాగితం తీసి చూస్తే ఆయన పేరు, వయసు, లోన్ మొత్తం ఉన్నాయి గానీ ఇంటి గురించి ఒక్క ముక్క లేదు. ఒక ఏజెంటుని అడిగితే స్థలంతో కలిపి నలభై లక్షలకు రాద్దామన్నారు. అది సరైనదేనా? అమ్మ బంగారం, పెరట్లో రాశి పోసిన కొబ్బరికాయలు, పాకలో గేదెలు కూడా అందులోకి వస్తాయా? ఇంకొకటి, ఊరి చివర తోటలు కొంచెం కొంచెంగా గోదారిలో కలిసిపోతున్నాయి. మా ఇల్లు ఒడ్డుకి దూరమే, అయినా నాన్నగారి అసలు భయం అదే. దానికి కూడా బీమా ఉంటుందా?

జవాబు: భీమవరం సుబ్బు

మీ దగ్గరున్నది ఇంటి బీమా కాదండీ. లోన్ తీసుకున్న మనిషికి ఏమైనా అయితే బాకీ తీర్చే పాలసీ అది. ఇల్లు మునిగినా కాలినా దాన్నుంచి రూపాయి రాదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. ఇంకో మాట, ఫలానా కంపెనీ దగ్గరే ఇంటి బీమా తీసుకోవాలని బ్యాంకు పట్టుబట్టకూడదు. మీకు నచ్చిన చోట తీసుకుని కాపీ వాళ్ళకి ఇస్తే సరిపోతుంది.

జవాబు: అమలాపురం పెద్దాయన

అమ్మా, నేను జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైర్ పాలసీలు రాసే సీట్లో పనిచేసి రిటైరయ్యాను. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కూలిన ఇళ్ళ మధ్య తిరిగినవాణ్ణి. ఆ ఇళ్ళలో బీమా ఉన్నవి వెతికితే గానీ దొరకలేదు. అందుకే నీ ప్రశ్న చూడగానే వివరంగా రాయాలనిపించింది.

ముందు నాన్నగారి భయం సంగతి. 2021 ఏప్రిల్ 1 నుంచి మన జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే పాలసీని ఒకే నిబంధనలతో అమ్ముతున్నాయి. అగ్ని ప్రమాదం, పిడుగు, పేలుడు, భూకంపం, తుపాను, వరద, ముంపు, అల్లర్లు, నీళ్ళ ట్యాంకు పగలడం వంటివన్నీ అందులో ఉన్నాయి. నేల కుంగడం కూడా ఉంది. కానీ ఆ కుంగడం దగ్గరే 'వీటికి వర్తించదు' అంటూ కొన్ని రాశారు. నదీ కోత, సముద్రపు కోత వాటిలోవే. మెరక చేసిన నేల సర్దుకుని దిగడం, కొత్త కట్టడానికి మామూలుగా వచ్చే బీటలు, నాసిరకం పని కూడా వర్తించనివాటిలోనే ఉన్నాయి. అంటే గోదారి పొంగి ఇంట్లోకి వచ్చి పాడుచేస్తే డబ్బు వస్తుంది. ఒడ్డు కోసుకుంటూ వచ్చి పునాది కింద మట్టి లాక్కుపోతే రాదు. వరద, కోత ఒకేసారి వచ్చిన చోట, నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయరు ఏది కారణమని రాస్తాడన్నదే అసలు తగాదా అవుతుంది. మీ ఇల్లు ఒడ్డుకి దూరమంటున్నావు కాబట్టి ఇప్పుడే ఇంటి నాలుగు మూలలూ, గోడలూ, ఒడ్డు దాకా ఉన్న దూరమూ తెలిసేలా ఫోటోలు తీసి పెట్టుకో. ఒడ్డు అంచునే ఇల్లున్నవాళ్ళకి మాత్రం నేను నిజం చెప్పేస్తాను. ఆ ప్రమాదానికి ఈ పాలసీ కాపు కాయదు, దాని కోసం దీన్ని కొనొద్దు.

మెరక మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మన దగ్గర చేలు పూడ్చి, చేపల చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టేస్తున్నాం. రెండేళ్ళకి గోడ బీట వేస్తే బీమా అడుగుతారు. అది రాదు.

ఇక ఎంత మొత్తానికి బీమా రాయించాలన్న సంగతి. ఆ ఏజెంటు మాట వినకు. స్థలం ధరకి బీమా ఉండదు. వరదొచ్చినా తుపానొచ్చినా సెంటు భూమి అలాగే ఉంటుంది కదా. ఇల్లు మొత్తం నేలమట్టమైతే ఈ రోజు కూలి రేట్లకి, ఇసుక, ఇనుము, సిమెంటు ధరలకి మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అదే రాయాలి. ఇంటి కార్పెట్ ఏరియాని, అంటే గోడలు పోను లోపల వాడుకునే చోటుని, మీ ఊళ్ళో అడుగుకి కట్టుబడి ఖర్చుతో హెచ్చించాలి. వెయ్యి అడుగులు, అడుగుకి రెండు వేలు అనుకుంటే ఇరవై లక్షలు. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ ట్యాంకు, సోలార్ పలకలు ఉంటే వాటి ఖర్చు కూడా కలపాలి. జనం మరిచిపోయేవి ఇవే, తుపానుకి ముందు పడేదేమో ప్రహరీ గోడే.

ఇంటికి తీసుకుంటే లోపలి సామానుకి అందులో ఇరవై శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా, జాబితా ఇవ్వకుండానే వస్తుంది. పై లెక్కలో అది నాలుగు లక్షలు. మీ ఫ్రిజ్, మంచాలు, బీరువా, టీవీ అన్నిటికీ సరిపోతుందనుకుంటాను. చాలదనుకుంటే వివరాలిచ్చి పెంచుకోవచ్చు. అద్దెకున్నవాళ్ళు సామానుకి ఒక్కదానికే తీసుకోవచ్చు.

ఈ పాలసీలో నాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. పాత పద్ధతిలో ఇరవై లక్షల ఇంటికి పది లక్షలకే రాయించుకుంటే, రెండు లక్షల నష్టానికి ఒక లక్షే ఇచ్చేవాళ్ళు. సగానికే బీమా చేశావు కాబట్టి నష్టంలోనూ సగమే అని లెక్క. అలా డబ్బు తగ్గించడం వల్ల ఏడ్చినవాళ్ళని నా సీటు ముందే చూశాను. భారత్ గృహ రక్షలో ఆ లెక్క తీసేశారు. ఇతర ప్యాకేజీ పాలసీలు కొనేవాళ్ళు మాత్రం ఆ సగం లెక్క ఉందో లేదో అడిగి తీరాలి.

బంగారం మామూలు సామానులోకి రాదు. విడిగా విలువ చెప్పి, అదనపు ప్రీమియం కట్టి చేర్చాలి. మొత్తం ఐదు లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే విలువ ధ్రువపత్రం అడగరు. ఈనాటి ధరల్లో ఒక మాదిరి గొలుసే లక్ష దాటిపోతోంది, కాబట్టి ధ్రువపత్రం తప్పదు. నన్నడిగితే అమ్మ బంగారం లాకర్‌లో పెట్టించు. నగదు, దస్తావేజులు, పాసు పుస్తకాలకి ఈ పాలసీలో బీమా లేదు. జూన్ నెలలోనే వాటిని ఊరి బయట చుట్టాల ఇంటికి చేర్చడం మంచిది.

దొంగతనం విషయంలో జాగ్రత్తగా చదువు. వరద, తుపాను వంటి ప్రమాదం జరిగాక ఏడు రోజుల లోపు, దాని కారణంగా సామాను పోతేనే ఇందులో వస్తుంది. నాన్నగారు డాబా మీద కాపలా కూర్చున్నది దొంగల భయంతోనే కదా. ఆ ఏడు రోజుల మాట ఆయనకి చదివి వినిపించు, వచ్చేసారి అమ్మతో పాటు పడవ ఎక్కుతారు. మామూలు రోజుల్లో తాళం పగలగొట్టి ఎత్తుకెళ్తే దానికి దొంగతనం పాలసీ వేరే తీసుకోవాలి.

గేదెలకి పశువుల బీమా వేరు. మోటారు సైకిలుకి దాని బీమా ఉంటుంది. అమ్మకానికి పోసిన కొబ్బరి రాశి వ్యాపారం సరుకు, ఇంటి సామాను కాదు. తాటాకు పాక ఉన్న సంగతి, పెంకుటింటి గోడలు, కప్పు దేనివో ఫారంలో తప్పకుండా రాయించు. దాచిపెడితే క్లెయిమ్ రోజున అదే అడ్డం వస్తుంది.

జవాబు: నరసాపురం రమణమ్మ

పెద్దాయన గారు చెప్పినదానికి మా ఇంటి సంగతి కలుపుతానండీ. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా వైపే తీరం దాటింది. ఆ గాలికి పెరట్లో కొబ్బరిచెట్టు వరండా రేకుల మీద పడింది. రేకులు పగిలి లోపల సోఫాలు, మిక్సీ తడిసిపోయాయి. చెట్టు పడడం విడిగా కూడా పాలసీలో ఉందటండీ. బయటి వస్తువు ఏదైనా వచ్చి తగిలితే, చెట్టు అయినా వాహనం అయినా, ఇస్తారు. తుపాను లేని రోజు చెట్టు పడినా వస్తుందన్నమాట. కోనసీమలో ఇంతకంటే పనికొచ్చే నిబంధన ఉందా?

మా ఆయన తెల్లారగానే చెట్టు కోయించేస్తామన్నారు. నేను ఆపి ముందు ఫోన్‌లో అన్ని వైపుల నుంచీ వీడియో తీయించాను, కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నెంబరు తీసుకున్నాను, ఆ తర్వాతే వాన లోపలికి రాకుండా టార్పాలిన్ కప్పాం. పగిలిన రేకులు సర్వేయరు వచ్చేదాకా పారేయలేదు. చెత్త ఎత్తించిన కూలికి కూడా కొంత ఇచ్చారు.

టీవీ విషయంలో మాత్రం రాలేదండీ. కరెంటు తిరిగొచ్చినప్పుడు వోల్టేజ్ ఎక్కువై కాలిపోయింది. షార్ట్ సర్క్యూట్ వల్ల, ఎక్కువ వోల్టేజ్ వల్ల ఆ వస్తువుకే జరిగిన నష్టానికి ఇవ్వరట. అది అంటుకుని పక్కవి కాలితే వాటికి ఇస్తారట. తుపాను రాత్రి ప్లగ్గులన్నీ పీకేయండి.

లంకపిల్ల:

బాబాయిగారూ, పిన్నిగారూ, చాలా థాంక్సండీ. నాన్నగారికి ఇదంతా ఫోన్‌లో చదివి వినిపించాను. ఇంకో చిక్కుంది. స్లాబు ఇల్లు నాన్నగారి పేరునే ఉంది. పెంకుటిల్లు ఇంకా తాతయ్య పేరునే ఉంది, ఇద్దరు చిన్నాన్నలకూ అందులో వాటా ఉంది. ప్రీమియం నేను కడితే పాలసీ నా పేరున రాస్తారా? పాలసీ ఎప్పుడు తీసుకోవాలి?

అమలాపురం పెద్దాయన:

డబ్బు నువ్వు కట్టు, పాలసీ మాత్రం ఇంటి యజమాని పేరునే ఉండాలి. స్లాబు ఇంటికి నాన్నగారి పేరున వెంటనే తీసుకో, లోన్ ఉంది కాబట్టి బ్యాంకు పేరు కూడా అందులో రాస్తారు. పెంకుటింటికి మీ నాన్నగారి హక్కు ఎంతో ఉన్నది ఉన్నట్టు రాసి, కంపెనీ ఏం కావాలంటుందో రాతపూర్వకంగా అడుగు. చిన్నాన్నలతో ఇప్పుడే మాట్లాడి, ముగ్గురూ సంతకం పెట్టిన కాగితం, పంచాయతీ ఇంటి పన్ను రశీదు దగ్గర పెట్టుకోండి. ఇల్లు కూలాక వాటాల మాట ఎత్తితే అన్నదమ్ముల మధ్య మాటలు పెరుగుతాయి.

ఆలస్యం చేయకు, వరదల కాలం రాకముందే తీసుకో. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశాక పరిగెత్తితే పని జరగదు. పదేళ్ళ దాకా ఒకేసారి తీసుకునే వీలుంది, అలా తీసుకుంటే ఏటా బీమా మొత్తం పది శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. కట్టుబడి ఖర్చులు పెరిగే తీరు చూస్తే ఇది పెద్ద లాభం. ఇల్లు ఉండడానికి పనికిరాకుండా పోతే మరమ్మతు అయ్యేదాకా బయట కట్టిన అద్దె కూడా అడగొచ్చు, రశీదులు ఉంచుకోండి.

క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆంధ్ర, తెలంగాణ, యానాం వాళ్ళకి అదే ఆఫీసు. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు, యాభై లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. నువ్వు ఎలాగూ ఆ ఊళ్ళోనే ఉన్నావు కాబట్టి నాన్నగారిని తిప్పనక్కర్లేదు.