ఆక్యురేట్‌రిప్‌లో రెండు ట్రాకులు సరిపోలడం లేదు, ఫ్లాక్ టెస్ట్ మాత్రం ఓకే అంటోంది: ఏది నమ్మాలి?

మద్దిలపాలెం_శ్రోత:
నమస్కారమండి. పాత సినిమా పాటల సీడీలు, కర్ణాటక కచేరీల సీడీలు ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గని ఆడియో ఫైళ్లుగా) ఎక్కిస్తున్నాను. విండోస్‌లో ఈఏసీ (సీడీలోంచి పాటలు తీసే, అంటే రిప్ చేసే ప్రోగ్రామ్), తప్పులు వెతుకుతూ చదివే సెక్యూర్ మోడ్, యూఎస్‌బీ డీవీడీ రైటర్. మూడు డిస్కులు మూడు రకాలుగా వస్తున్నాయి.

ఇతరుల రిప్ ఫలితాలు దాచే ఆక్యురేట్‌రిప్ డేటాబేస్‌తో పోలిస్తే మొదటిదాంట్లో 10 ట్రాకులకు 8 సరిపోయాయి, కాన్ఫిడెన్స్ 3. తొమ్మిదోది, పదోది కలవలేదు. తొమ్మిదో ట్రాక్‌కి క్వాలిటీ 99.6 శాతం, "కాపీ ఓకే" అని ఉంది. పదో ట్రాక్‌లో సస్పిషియస్ పొజిషన్ (అనుమానం ఉన్న చోటు) 0:04:12 అని చూపిస్తోంది. రెండో డిస్క్‌లో ఏ ట్రాకూ కలవలేదు, కానీ టెస్ట్ సీఆర్‌సీ, కాపీ సీఆర్‌సీ (రెండుసార్లు చదివినప్పుడు వచ్చిన చెక్ సంఖ్యలు) ఒకటే. మూడోది అసలు డేటాబేస్‌లోనే లేదు.

ఫ్లాక్ ఫైళ్లకి టెస్ట్ పెడితే అన్నీ ఓకే. అది చాలదా? మళ్లీ రిప్ చెయ్యాలా?

సీతమ్మధార_రిప్స్:
చాలదండి. ఫ్లాక్ ఫైల్ హెడర్‌లో అసలు ఆడియో ఎండీ5 (దాని చెక్ సంఖ్య) ఉంటుంది. టెస్ట్ దాన్నే సరిచూస్తుంది: ఎన్‌కోడ్ అయ్యాక ఫైల్ చెడిపోలేదని మాత్రమే. డ్రైవ్ తప్పు చదివి ఇస్తే ఆ తప్పుని కూడా ఫ్లాక్ బిట్ పోకుండా భద్రంగా దాస్తుంది.

"కాపీ ఓకే" కూడా రుజువు కాదు. డేటా సీడీ సెక్టార్‌లో (డిస్క్‌లో ఒక చిన్న ముక్కలో) 2048 బైట్లే వాడుకుని, మిగతా చోటులో అదనపు తప్పుల దిద్దుబాటు సమాచారం పెడతారు. ఆడియో సెక్టార్‌లో 2352 బైట్లూ పాటే. కింది స్థాయి దిద్దుబాటు చేతులెత్తేస్తే చాలా డ్రైవ్‌లు ముందూ వెనకా శాంపిళ్లు (ధ్వని కొలతలు) చూసి మధ్యది అంచనాగా పూరిస్తాయి. ఈఏసీ ప్రతి సెక్టార్‌నీ రెండుసార్లు చదువుతుంది, తేడా వస్తే 16 సార్లు మళ్లీ చదివి అందులో 8 ఒకేలా వస్తే ఒప్పుకుంటుంది. డ్రైవ్ 8 సార్లూ ఒకే తప్పు అంచనా ఇస్తే? ఒప్పేసుకుంటుంది. మీ తొమ్మిదో ట్రాక్ సంగతి అదే అనిపిస్తోంది.

అందుకే వేరే వాళ్ల డిస్క్, వేరే వాళ్ల డ్రైవ్ నుంచి వచ్చిన సీఆర్‌సీతో కలవడం ముఖ్యం. కాన్ఫిడెన్స్ 3 అంటే ముగ్గురికి అదే ఫలితం వచ్చిందని. 1 మాత్రం ఉంటే కాస్త ఆగండి, అది మీరే ఇంతకుముందు పంపిన ఫలితం కావచ్చు.

ఒకే డిస్క్‌లో కొన్ని కలిసి కొన్ని కలవకపోతే ఆఫ్‌సెట్ (డ్రైవ్ కాస్త ముందో వెనకో చదివే తేడాకి పెట్టే సవరణ) సరిగానే ఉన్నట్టు. దాదాపు ఎప్పుడూ అది చదవడంలో లోపమే. అన్నీ కలవకుండా సీఆర్‌సీలు మాత్రం నిలకడగా ఉంటే అది వేరే ప్రెసింగ్ (అదే ఆల్బమ్‌ని ఇంకోసారి అచ్చేసిన బ్యాచ్) అయ్యుండాలి, లేదా డ్రైవ్ ఆఫ్‌సెట్ తప్పు పెట్టి ఉండాలి. డ్రైవ్ 667 శాంపిళ్లు పక్కకి జరిగి చదివినా అది 15 మిల్లీసెకన్లే, చెవికి తెలీదు, సీఆర్‌సీ మాత్రం పూర్తిగా మారిపోతుంది. మీ మొదటి డిస్క్‌లో 8 కలిశాయి కాబట్టి ఆఫ్‌సెట్ అనుమానం అక్కర్లేదు. రెండో డిస్క్‌ని క్యూటూల్స్‌లో (రిప్‌లని సరిచూసే ప్రోగ్రామ్‌లో) వెరిఫై చెయ్యండి. అది రకరకాల ఆఫ్‌సెట్‌ల దగ్గర పోల్చి చూస్తుంది. ఎక్కడో ఒకచోట అన్ని ట్రాకులూ కలిస్తే మీ రిప్ శుభ్రమైనదే, మళ్లీ చెయ్యక్కర్లేదు.

గాజువాక_డిస్కులు:
9, 10 ట్రాకులే పోయాయంటే ముందు డిస్క్ బయటి అంచు చూడండి. సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది, చివరి పాటలు బయటి అంచు వైపు ఉంటాయి, వేళ్లు పడేదీ అక్కడే. వైజాగ్ ఉక్కకి చెమట వేలిముద్రల మీద బూజు పడుతుంది, సన్నటి బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవొద్దు. ట్రాక్ వెంబడి పడిన గీత వరసగా చాలా డేటాని మింగేస్తుంది, అడ్డంగా పడిన గీతని దిద్దుబాటు తట్టుకుంటుంది.

తర్వాత లేబుల్ మీకు కనిపించేలా డిస్క్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకోండి. సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే అక్కడ అల్యూమినియం పొర పోయింది. ఆ పొర లేబుల్‌కి సరిగ్గా కిందే ఉంటుంది, దానికి రక్షణ పల్చటి లక్క పూత ఒక్కటే. అందుకే కింది వైపు గీత కంటే లేబుల్ మీద గీత ప్రమాదం. కింది గీతని పాలిష్ చేసుకోవచ్చు, పైన పోయిన పొర తిరిగిరాదు.

ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్క్‌ని వెంటనే పెట్టకండి, చెమ్మ పడుతుంది. యూఎస్‌బీ డ్రైవ్‌ని హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి, కరెంటు చాలకపోతే చదవడం తడబడుతుంది.

మద్దిలపాలెం_శ్రోత:
చాలా థాంక్సండి. కడిగాక తొమ్మిదో ట్రాక్ కాన్ఫిడెన్స్ 3తో కలిసింది. రెండో డిస్క్ క్యూటూల్స్‌లో వేరే ఆఫ్‌సెట్ దగ్గర మొత్తం కలిసింది. పదో ట్రాక్ మాత్రం అక్కడే ఆగుతోంది. వెలుగు చుక్క ఒకటి కనబడుతోంది.

సీతమ్మధార_రిప్స్:
అయితే ఇక తుడిచి లాభం లేదు. క్యూటూల్స్‌కి సొంత డేటాబేస్ ఉంది, సీటీడీబీ. అందులో సీఆర్‌సీతో పాటు డిస్క్ మొత్తానికి ప్యారిటీ సమాచారం (తప్పులు దిద్దడానికి పనికొచ్చే అదనపు లెక్క) దాచి ఉంటుంది. పాడైన శాంపిళ్లు మరీ ఎక్కువ కాకపోతే "రిపేర్" స్క్రిప్ట్ వాటిని లెక్కగట్టి తిరిగి తెస్తుంది, అంచనా కాదు, అసలు విలువలే. దానికి డిస్క్‌లోని ట్రాకులన్నీ ఉండాలి, పదో పాట ఒక్కటే ఇస్తే కుదరదు. రిపేర్ అయ్యాక ఆక్యురేట్‌రిప్‌తో మళ్లీ పోల్చండి. పదోది కూడా 3 చూపించాలి.

జగదాంబ_ఫ్లాక్:
మూడో డిస్క్ గురించి. డేటాబేస్‌లో లేనివాటికి టెస్ట్ అండ్ కాపీ (ఒకసారి చదివి చూసి, మళ్లీ చదివి కాపీ చెయ్యడం) తప్పనిసరి, కానీ ఈఏసీలో "డ్రైవ్ ఆడియోని క్యాష్ చేస్తుంది" అన్న ఆప్షన్ సరిగ్గా ఉండాలి. లేకపోతే తిరిగి చదివినట్టే కనిపిస్తుంది గానీ డ్రైవ్ తన మెమరీలో ఉన్నదే మళ్లీ ఇస్తుంది. ఒకే డ్రైవ్ కంటే వేరే మోడల్ డ్రైవ్‌లో ఇంకోసారి తీసి, రెండింటికీ వాటి వాటి ఆఫ్‌సెట్ పెట్టి సీఆర్‌సీలు పోల్చండి. కలిస్తే నిశ్చింతగా దాచుకోవచ్చు. ఫలితం ఆక్యురేట్‌రిప్‌కి పంపండి, అదే సీడీ ఉన్న తర్వాతివాళ్లకి అది ఆధారం అవుతుంది.

ఒరిజినల్ కాని సీడీ-ఆర్ అని అనుమానం ఉంటే స్పెక్ అనే ప్రోగ్రామ్‌లో స్పెక్ట్రమ్ (ఏ స్థాయి శబ్దాలు ఎంత ఉన్నాయో చూపే బొమ్మ) చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంటే అది ఎంపీ3 నుంచి కాల్చిన డిస్క్, రిప్ ఎంత ఖచ్చితంగా వచ్చినా పోయింది తిరిగి రాదు. పాత టేపుల నుంచి తీసిన పాటల్లో పై శబ్దాలు సహజంగానే మెల్లగా పల్చబడతాయి, దాన్ని చూసి డిస్క్‌ని అనుమానించకండి. లాగ్ ఫైల్, క్యూ షీట్ (ట్రాకుల హద్దులు రాసి ఉండే ఫైల్) కూడా ఫ్లాక్‌ల పక్కనే అదే ఫోల్డర్‌లో ఉంచండి.