ఎంపీ ఎన్ని ప్రశ్నలు వేశాడన్న లెక్క దేనికైనా పనికొస్తుందా?

గోదారిగట్టు
పార్లమెంటు సమావేశాలు ముగిశాయి, జిల్లా పేజీల్లో జాబితా దిగింది. ఫలానా ఎంపీ ఇన్ని ప్రశ్నలు, ఇంత హాజరు, ఇన్ని చర్చలు. కింద కామెంట్లలో షరా మామూలే, "నంబర్లు కూడు పెడతాయా" అని. నేనడిగేది ఒక్కటే. ఐదేళ్లలో ఓటరు చేతికొచ్చే కొలత ఇది కాక ఇంకేముంది? ప్రశ్న వేయాలంటే పూర్తిగా 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఏ శాఖ వంతు వారంలో ఏ రోజో చూసుకోవాలి, విషయాన్ని 150 మాటల్లో ఇమడ్చాలి. ఆమాత్రం ఓపిక లేనివాళ్లను వెనకేసుకు రాకండి.

ఫైలునోట్
ముందుగా, సున్నా పక్కన పేరున్న ప్రతివాడూ సోమరి కాదు. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. జాబితా వేసేవాళ్లు ఈ ముక్క తరచూ మర్చిపోతారు.

ఇక ఆ నంబరు ఎలా పుడుతుందో చూడండి. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్నవి 20, గుర్తు లేనివి 230. నోటీసులు అంతకంటే ఎక్కువే వస్తాయి కాబట్టి లాటరీ తీస్తారు. ఒక సభ్యుడి పేరు మీద రోజుకు ఐదుకు మించి రావు, అందులో నక్షత్రం ఒక్కటే. ఒకే విషయం మీద పదిమంది నోటీసిస్తే అన్నీ కలిపేసి ఒకే జవాబిస్తారు, లెక్కలో మాత్రం పదిమందికీ తలా ఒకటి పడుతుంది. అంటే మీరు మెచ్చుకుంటున్నది సగం లాటరీ, సగం సహాయకుడి టైపింగ్.

ఇరానీచాయ్
నక్షత్రం అంటే మంచి ప్రశ్న అనా?

పాలమూరు
కాదండీ. నాకు నోటి జవాబు కావాలని సభ్యుడే పెట్టుకునే గుర్తు. మంత్రి లేచి జవాబు చెప్పాక అడిగినవారికి రెండు అనుబంధ ప్రశ్నలు, ఆ తర్వాత స్పీకర్ పిలిచినవాళ్లకు అవకాశం. లోక్‌సభలో ఆ ప్రశ్నోత్తరాల గంట 11 నుంచి 12 దాకా, రాజ్యసభలో 2014 చివర్నుంచి మధ్యాహ్నం 12కి. గంటలో ఐదారు తెమిలితే గొప్ప. జాబితాలో మీది పద్నాలుగోది అయితే నక్షత్రం ఉన్నా లేనట్టే, కాగితం మీద జవాబు తీసుకుని ఊరుకోవాలి.

గోదారిగట్టు
"సహాయకుడి టైపింగ్" అట. ఏ మంత్రి జవాబు ఆయన సొంత చేతిరాత? కింద సెక్షన్లో రాస్తారు, అండర్ సెక్రటరీ దిద్దుతాడు, జాయింట్ సెక్రటరీ చూస్తాడు, మంత్రి సంతకం పెడతాడు. అటువైపు గుమాస్తా రాస్తే పాలన, ఇటువైపు గుమాస్తా రాస్తే మోసమా?

కలిపేసిన ప్రశ్నల సంగతి. పదిమంది వేరు వేరు రాష్ట్రాల నుంచి ఒకటే అడిగారంటే ఆ సమస్య పది రాష్ట్రాల్లో ఉన్నట్టే కదా. తలా ఒకటి వేస్తే తప్పేముంది?

ఫైలునోట్
తప్పని ఎవరన్నారు? కొలత కాదన్నాను.

జవాబు తెరిచి చూడండి. ప్రశ్నకు ఐదు భాగాలుంటాయి. జవాబు "(ఎ) నుంచి (ఇ)" అని ఒకే పేరాగా మొదలవుతుంది. విడివిడిగా చెబితే (సి)కి జవాబు లేదన్న సంగతి తెలిసిపోతుంది కాబట్టి కలిపేస్తారు. ఆంధ్రకు ప్రత్యేక హోదా గురించి ఎన్నిసార్లు అడిగారో, ఎన్నిసార్లు అదే పేరా వచ్చిందో చూడండి. 14వ ఆర్థిక సంఘం పన్నుల వాటా పంపకంలో ప్రత్యేక రాష్ట్రాలు, సాధారణ రాష్ట్రాలు అన్న తేడా చూపలేదు అని మొదలై, ప్యాకేజీ కింద ఏమిచ్చామో చెప్పి ముగుస్తుంది. జవాబేమిటో తెలిసీ మళ్లీ అదే ప్రశ్న వేస్తే జాబితాలో అంకె పెరుగుతుంది, అంతే.

పాలమూరు
తెలివైన ప్రశ్నకు, సోమరి ప్రశ్నకు తేడా మన అసెంబ్లీ కాగితాల్లో ఇంకా బాగా తెలుస్తుంది. మూస ఒకటుంది. "ఫలానా పథకం ఆగిపోయిన మాట వాస్తవమేనా, అయినచో కారణములేమి, ఎప్పటిలోగా పూర్తి చేయుదురు?" మంత్రిగారు (అ)కి "లేదండీ" అంటారు. ఆగలేదు, మెల్లగా నడుస్తోంది అని ఆయన లెక్క. (ఆ), (ఇ)లకు "ప్రశ్న ఉత్పన్నం కాదు". మూడు ముక్కల్లో గంట కొట్టేశారు.

అదే "మంజూరైన మొత్తం ఎంత, మార్చి 31 నాటికి విడుదల చేసినది ఎంత, ఖర్చు ఎంత, బకాయి బిల్లులు ఎన్ని" అని అడిగితే "లేదండీ" అనడానికి చోటుండదు. అంకె అయినా ఇవ్వాలి, సమాచారం సేకరిస్తున్నామని అయినా అనాలి.

ఫైలునోట్
పాలమూరు గారు అసలు చోట పట్టుకున్నారు. "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అనేది తప్పించుకునే మాట అనుకుంటారు చాలామంది. లోక్‌సభలో అది హామీ కింద లెక్క. హామీల కమిటీ 1953 నుంచీ ఉంది, 15 మంది సభ్యులు. "పరిశీలిస్తాం", "పరిశీలనలో ఉంది" లాంటి మాటల పట్టిక కమిటీ దగ్గర ఉంటుంది, ఆ మాట దొర్లితే మూడు నెలల్లో అమలు చేసి సభ ముందు పెట్టాలి. గడువు పెంచమనో, హామీ జాబితాలోంచి తీసేయమనో శాఖలు కమిటీని అడుగుతాయి. అక్కడ పట్టు విడవని ఎంపీని మెచ్చుకోండి. ఆ పనికి మీ జాబితాలో గడి లేదు.

డల్లాస్‌వాసి
అసలు సభ జరిగితే కదా ప్రశ్నలు 🙂

గోదారిగట్టు
గడి లేదు కాబట్టి ఉన్న గడి కూడా చెరిపేయమంటారా?

రాతపూర్వక ప్రశ్నను అంత చులకన చేయకండి. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల గంట ఎత్తేశారు. గుర్తు లేని ప్రశ్నలే మిగిలాయి. లాక్‌డౌన్‌లో వలస కూలీలు ఎంతమంది చనిపోయారని అడిగితే, అలాంటి వివరాలు నిర్వహించడం లేదని కార్మిక శాఖ రాసిచ్చింది. ఆ "లేదు" దేశమంతా మోగింది. వంద ఉపన్యాసాలకు రాని పని ఒక కాగితం చేసింది.

ఫైలునోట్
మీ ఉదాహరణే నా పక్షాన ఉంది. ఆ రోజు నోటి జవాబు ఉండి ఉంటే రెండో ప్రశ్న పడేది. రైల్వే పోలీసుల దగ్గర లెక్క ఉందా, రాష్ట్రాలను అడిగారా, అడిగితే ఏ తేదీన అని. కాగితానికి ఎదురు ప్రశ్న వేయలేం.

2021 జులై చూడండి. ఆక్సిజన్ అందక ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో అడిగితే, అలాంటి మరణాలను రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని ఆరోగ్య శాఖ జవాబు. అక్షరాలా చూస్తే అబద్ధం పట్టుకోలేరు. నివేదించే నమూనాలో ఆ గడి ఉందా అని అడిగేవాడు కావాలి. అందుకే నక్షత్రం ప్రశ్నకు శాఖ జవాబుతో పాటు "అనుబంధ ప్రశ్నలకు నోట్" అని విడిగా ఒక కట్ట తయారు చేస్తుంది, మంత్రి ఇరుక్కోకుండా. గుర్తు లేనిదానికి ఆ కట్టే అక్కర్లేదు. శాఖ దేనికి భయపడుతుందో దీన్నిబట్టే తెలియడం లేదూ? 1957లో ఎల్‌ఐసీ కొన్న వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల గుట్టు సభలో ప్రశ్నలతోనే కదిలింది. జస్టిస్ ఛాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోయారు. అప్పుడెవరు ఎన్ని ప్రశ్నలు వేశారో ఎవరికి కావాలి?

గోదారిగట్టు
ముంద్రా కాలం కథలు బాగుంటాయి. ఢిల్లీ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఊళ్ల ప్రశ్నలు చిల్లరగా కనపడటం కొత్త కాదు. మీ బాధ నంబరు గురించి కాదని ఇప్పుడర్థమైంది.

ఫైలునోట్
చిల్లర అన్న మాట నేను వాడలేదు. మీకు కావలసింది పేపర్లో ఫొటో, నాకు కావలసింది జవాబు.

మోడరేటర్
కుర్చీలు, ఫొటోలు వదిలేయండి. విషయం మీదే మాట్లాడండి.

గోదారిగట్టు
విషయమే చెబుతా. మా స్టేషన్లో కరోనాకు ముందు ఆగిన ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఆగడం లేదు. వినతిపత్రాలకు జవాబు రాలేదు. పార్లమెంటులో ప్రశ్న పడితే వచ్చింది. "స్టాపేజీలు నిరంతర ప్రక్రియ, నిర్వహణ సాధ్యాసాధ్యాలు, ప్రయాణికుల రద్దీని బట్టి" అని ఏదో ఒకటి రాశారు. రైలు ఆగలేదు, ఒప్పుకుంటా. కానీ ఆ మూడు లైన్లకు శాఖ సంతకం ఉంది. దాన్ని పట్టుకుని డివిజన్ ఆఫీసుకు వెళ్లొచ్చు. మీ లెక్కలో ఇది పార్లమెంటు సమయం వృథా, అవునా?

ఫైలునోట్
ఇదీ అసలు తగాదా, ముందే అంటే పోయేది. అవును, నా ఉద్దేశంలో రైలు ఆగమని కోరడానికి 377 నిబంధన ఉంది. 250 మాటలు దాటకుండా చదవాలి, శాఖ రాతపూర్వకంగా జవాబు పంపుతుంది. శూన్య సమయం (జీరో అవర్) ఉంది. ప్రశ్న ఉన్నది కోరిక కోరడానికి కాదు, శాఖ దాస్తున్నదాన్ని బయటికి లాగడానికి.

గోదారిగట్టు
నా ఉద్దేశంలో ఆ రెండూ ఒకటే. ఊరికి రైలెందుకు ఆగదో చెప్పకపోవడం కూడా దాయడమే. పోలవరంలో నీటి నిల్వ ఎత్తు 41.15 మీటర్లా కాదా అన్నది విధానం, ముంపు మండలం కుక్కునూరులో పరిహారం అందని ఇల్లు చిల్లర, అంటే ఎలా?

పాలమూరు
ఇద్దరూ పోలవరం మీదే కలుస్తారేమో చూడండి. "నిర్వాసితులకు న్యాయం చేస్తారా" అని అడిగితే చేస్తామంటారు. అడగాల్సింది వేరు. 41.15 మీటర్ల కాంటూర్ (ఆ ఎత్తు హద్దు) కిందికి లైడార్ (లేజర్‌తో ఎత్తులు కొలిచే) సర్వేతో మరో 36 ఆవాసాలు వచ్చాయి కాబట్టి, సర్వేకు ముందు కుటుంబాలెన్ని, తర్వాత ఎన్ని. ఫలానా తేదీ నాటికి మండలాలవారీగా పునరావాస కాలనీల్లోకి వెళ్లినవి ఎన్ని. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న రూ.30,436.95 కోట్లలో పునరావాసానికి పెట్టింది ఎంత, ఇప్పటికి చెల్లించింది ఎంత. ఇది విధానమే, మీ ఊరి ఇల్లు కూడా ఇందులోనే ఉంది.

ఫైలునోట్
బాగుంది. తేదీ తప్పకుండా పెట్టాలి. తేదీ లేకపోతే తమకు నచ్చిన నెల అంకె ఇస్తారు.

గోదారిగట్టు గారూ, మీ రైలు ప్రశ్న కూడా ఇలాగే వేయించండి. "ఆపుతారా" వద్దు. (ఎ) 2020 మార్చికి ముందు ఆగి ఇప్పుడు ఆగని రైళ్లు ఆ డివిజన్లో స్టేషన్లవారీగా ఏవి. (బి) తీసేసిన ఉత్తర్వుల తేదీ. (సి) గత మూడేళ్లలో ఆ స్టేషన్ నుంచి అమ్ముడైన టికెట్లు. (డి) పునరుద్ధరణకు వాడే ప్రమాణం ఏమిటి, ఆ స్టేషన్ దాన్ని అందుకుంటుందా. ఒక్క స్టేషనే అడిగితే చిన్న విషయమని కొట్టేసే వీలుంటుంది, డివిజన్ అంటే కొట్టేయలేరు. జవాబులో అంకె తప్పని మీ దగ్గర ఆధారం ఉంటే స్పీకర్ డైరెక్షన్ 115 కింద ఎంపీ రాయొచ్చు. జవాబు చాలకపోతే 55వ నిబంధన కింద అరగంట చర్చ, మూడు రోజుల ముందు నోటీసు, ఇంకో ఇద్దరు సభ్యుల సంతకాలు.

గోదారిగట్టు
(సి)కి "స్టేషన్లవారీగా నిర్వహించడం లేదు" అంటారు.

ఫైలునోట్
అనలేరు. స్టేషన్ ఆదాయాన్ని, ప్రయాణికుల సంఖ్యను బట్టే కదా గ్రేడు ఇస్తారు. (సి)లో గ్రేడు కూడా అడగండి.

గోదారిగట్టు
సరే, పంపిస్తా. నంబర్ల మీద మాత్రం నా మాట మారదు.

ఇరానీచాయ్
పాత జవాబులు ఎక్కడ దొరుకుతాయండీ?

పాలమూరు
సంసద్ డాట్ ఇన్ (sansad.in)లో, సభ ఎంచుకుని ప్రశ్నలు అన్న చోటికి వెళ్లండి. శాఖ పేరుతో, సభ్యుడి పేరుతో వెతకొచ్చు. పీడీఎఫ్ పూర్తిగా చదవండి, వివరాలు తరచూ చివర అనుబంధం పట్టికలో ఉంటాయి.