ముందు చక్రం బ్రేకు పట్టేస్తోంది: కాలిపర్ ఇంటికాడ విప్పుకోవచ్చా, మేస్త్రికే అప్పజెప్పాలా?

చెరువుగట్టు, కొత్తపట్నం:
అన్నలూ, మాది రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండి. చిన్న కారు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఈ మధ్య ఒంగోలు పోయొచ్చినప్పుడల్లా ఎడమ ముందు చక్రం కాడ కమురు వాసన. కుడి పక్క రిమ్ము గోరువెచ్చగా ఉంటాది, ఎడమ దాని మీద చెయ్యి ఆనించలేం. స్టీరింగు ఎడమకి లాగుతా ఉండాది, మైలేజీ పడిపోయింది. ఒక షాపులో చూపిస్తే చక్రం కూడా విప్పలేదు. "ఉప్పుగాలికి కాలిపర్లు పోయినాయి, రెండూ మార్చాల, ప్యాడ్లతో కలిపి 13 వేలు" అన్నారు. మోటార్లు, ఏరేటర్లు విప్పి బిగించే అలవాటు నాకుంది. ఇది కూడా చేసుకోవచ్చా? బ్రేకు గదా అని జంకు.

14 పానా, కావలి:
నిక్షేపంగా చేసుకోవచ్చు తమ్ముడూ. కాలిపర్ అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే బిగింపు. నీ బండికి ఉండేది ఫ్లోటింగ్ కాలిపర్. లోపలి పక్క ఒకటే పిస్టన్. అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి నెడుతుంది. ఆ ఊపుకి కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పెడలు వదలగానే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలిక తీరి దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. పిస్టన్‌ని వెనక్కి గుంజే స్ప్రింగంటూ వేరే లేదు. అందుకే ఎక్కడ కాస్త బిగుసుకున్నా ప్యాడ్ డిస్కుని వదలదు.

చక్రం విప్పగానే ప్యాడ్లు చూడు. లోపలిది అరిగిపోయి బయటిది మందంగా ఉందంటే ముందు పిన్నులనే అనుమానించు. చెరువుల కాడ ఉప్పుబురద పిన్ను మీది రబ్బరు బూటు చిరుగులోంచి దూరి పిన్నుకి తుప్పు పట్టిస్తుంది. కాలిపర్‌ని హోసుకి, అంటే బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు పైపుకి వేలాడదీయబాక, తీగతో పైకి కట్టు. పిన్నులు లాగేటప్పుడు ఏది పైదో ఏది కిందదో గుర్తుపెట్టుకో. కొన్ని బండ్లకి ఒక పిన్ను కొసన చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది, తారుమారు చేస్తే మళ్ళా పట్టేస్తుంది. తుప్పు తేలికగా ఉంటే సన్న ఎమరీ కాయితంతో రుద్దు, గుంటలు పడితే పిన్ను మార్చు. బ్రేక్ క్లీనర్‌తో కడిగి సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. బేరింగ్ గ్రీజు మాత్రం రాయబాక.

సింగరాయకొండ:
జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని చక్రం కాడ చెయ్యి పెట్టొద్దు. స్టాండు వేసి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టు.

హైవే 16, నెల్లూరు:
హోసు చూశారా? లోపల రబ్బరు లేచినా ఇట్నే ఉంటాది.

మేస్త్రి, ఒంగోలు:
బేరింగ్ గ్రీజు రాయకూడదని ఎవరు చెప్పారు సార్? నేను ఏళ్ళ తరబడి అదే రాస్తా ఉండా. చక్రం బేరింగు కాసే వేడికి ఆగిన గ్రీజు పిన్ను కాడ ఆగదా? కరిగి కారిపోయిన బండి ఒక్కటి చూపించండి.

14 పానా, కావలి:
వేడి సంగతి నేను ఎత్తలేదు మేస్త్రీ గారూ, రబ్బరు సంగతి చెప్పాను. బ్రేకుల్లో ఎక్కువగా వాడేది ఈపీడీఎం రబ్బరు. పెట్రోలియం గ్రీజు తగిలితే అది ఉబ్బుతుంది. ఉబ్బిన బూటు పిన్నుని పట్టేస్తుంది, లేదా నోరు తెరిచి నీళ్ళని రానిస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజనాయిలు పోస్తే సీళ్ళన్నీ పాడయ్యేది కూడా ఇందుకే. అది మీకు తెలియంది కాదు.

మేస్త్రి, ఒంగోలు:
పిన్నుకి ఇంత రాసేది, డబ్బాలో పోసేది ఒకటేనా? మీరు చెప్పే సిలికాన్ గ్రీజు చిన్న ఊళ్ళలో అడిగితే షాపోడికే తెలవదు. దొరికేదాకా జనం బండ్లు ఆపుకుంటారా?

14 పానా, కావలి:
దొరకనంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఒంగోల్లో దొరుకుతుంది, లేకుంటే తెప్పించుకోవచ్చు.

రాజుపాలెం రోడ్డు:
గ్రీజు కాడే ఆగిపోయారు. ఆ తమ్ముడి చక్రం సంగతి చెప్పండయ్యా.

మేస్త్రి, ఒంగోలు:
చెప్తా. ఇంటికాడ విప్పొద్దు. పోయిన ఎండాకాలం ఒకాయన వీడియో చూసి మొదలుపెట్టాడు. కాలిపర్ మీద గాలి తీసే నిప్పిల్‌ని మామూలు పానాతో తిప్పి తల గుండ్రంగా చేసి, లోపలే తెగ్గొట్టాడు. పిస్టన్ బయటకి తీయడానికి గాలి కంప్రెషర్ పెట్టాడంట, అది ఎగిరొచ్చి వేలు నలిగింది. ఎదర చెక్కముక్క పెట్టాలని తెలవదు. అంతా అయినాక మా షెడ్డుకి తెచ్చి, "కొంచెమే గదా, చూసి పెట్టు" అన్నాడు. ఆ తెగిన నిప్పిల్ తీయడానికి నాకు పూట పట్టింది. ఇచ్చింది టీ ఖర్చు. బ్రేకు ఫెయిలై ఎవరన్నా పోతే ఎవరు జవాబు చెప్తారు సార్?

14 పానా, కావలి:
మా బావమరిది బండికి ఒక షెడ్డులో రెండు కాలిపర్లూ మార్చామన్నారు. పాతవి చూపించమంటే పారేశామన్నారు. ఇంటికొచ్చి నేను విప్పి చూస్తే, ఒక పక్క కొత్తది, రెండో పక్క తోమి రంగేసిన పాతది! మీరందరూ ఇంతే. పోయిందేదో పట్టుకునే ఓపిక ఉండదు, సామాను మార్చేయడమే వైద్యం. ఈ తమ్ముడికి చక్రం కూడా విప్పకుండా 13 వేలు చెప్పారు గదా, దానికి ఏమంటారు?

మేస్త్రి, ఒంగోలు:
"మీరందరూ" అనబాకండి. ఒకడు చేసిన దానికి నన్నెందుకంటారు? నేనా రంగేసింది?

సరే, అడిగారు గాబట్టి చెప్తా. చక్రం విప్పి, ప్యాడ్లు చూసి, పిన్నులు లాగి, పిస్టన్ వెనక్కి నెట్టి చూసి, నిప్పిల్ వదిలి చూసి, పోయింది ఫలానాదని చెప్పడానికి గంటో రెండు గంటలో పడతాది. ఆఖరికి పిన్నుకి 200 రూపాయల గ్రీజు చాలని తేలితే, "గ్రీజుకి ఇంత మజూరీనా" అని మొహం మీదే అంటారు. అదే కొత్త కాలిపర్ డబ్బా చేతిలో పెడితే, మారు మాట్లాడకుండా ఇస్తారు. వస్తువుకి ఇస్తారు, పనికి ఇవ్వరు. కుర్రోళ్ళకి జీతాలు ఎట్టా ఇయ్యాల? చూసి చెప్పే పనికి మీరు డబ్బులివ్వరు గాబట్టే షెడ్లన్నీ మార్చే పనికి దిగాయి.

14 పానా, కావలి:
ఇది మొదటే చెప్పుంటే నేను ఇంత దూరం పోయేవాణ్ణి కాదు. మీరు చూసినదానికి మజూరీ అడగండి, నేనిస్తా. కానీ ఏం చూశారో, ఏం తేలిందో చెప్పాలి, పాతది నా చేతిలో పెట్టాలి. అది రెండువైపులా ఉండాలి. చెప్పకుండా మారుస్తారనే గదా నాలాంటివాళ్ళు పానా పట్టింది. ప్యాడ్లు మార్చుకోవడం, పిన్నులు కడగడం ఎవరైనా నేర్చుకోవాల్సిన పని. ఆ మాట వెనక్కి తీసుకోను.

మేస్త్రి, ఒంగోలు:
పిన్నుల దాకా సరే. బ్రేక్ ఆయిల్ పైపు విప్పేది మాత్రం తెలిసినోడే విప్పాల. నేనూ వెనక్కి తీసుకోను.

హైవే 16, నెల్లూరు:
నా మాట ఎవరూ పట్టించుకోలా. తమ్ముడూ, చక్రం లేపి పెడలు నాలుగుసార్లు నొక్కి వదులు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు కాలిపర్ మీది నిప్పిల్‌కి సన్న ట్యూబు తొడిగి, దాని కొస సీసాలో పెట్టి కొంచెం వదులు చెయ్యి. ఆయిలు చిమ్మి చక్రం ఫ్రీ అయితే తప్పు పిస్టన్‌దీ కాదు, పిన్నులదీ కాదు. ఒత్తిడి వెనక్కి పోలేక లోపలే నిలబడిందని అర్థం. అప్పుడు మళ్ళా పెడలు నొక్కి, ఈసారి హోసు పైకొస, ఇనప పైపు కలిసే కాడ వదులు చేసి చూడాల. అక్కడ వదిలినా చక్రం ఫ్రీ కాకుండా నిప్పిల్ కాడే ఫ్రీ అయితే హోసే. నిప్పిల్ తిప్పినా చక్రం తిరక్కపోతే అప్పుడు పిన్నులూ పిస్టనూ చూసుకో.

చెరువుగట్టు, కొత్తపట్నం:
చేశా అన్నా. ముందురోజు రాత్రే నిప్పిల్‌కి తుప్పు వదిలే స్ప్రే కొట్టి, బాక్సు పానాతో సులువు చేసి, తర్వాత ట్యూబు పెట్టా. ఆయిలు చర్రున వచ్చింది, నల్లగా ఉండాది. చక్రం చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. పైకొస కూడా వదిలి చూశా. అక్కడ ఆయిలు కారింది గానీ చక్రం కదల్లేదు. ప్యాడ్లు రెండూ ఒకే మందం, పిన్నులు చేత్తో జరుగుతున్నాయి.

హైవే 16, నెల్లూరు:
హోసే. బయటకి బానే కనిపిస్తాది. లోపల పొర లేచి తలుపు మాదిరి అడ్డం పడతాది. కాలి ఒత్తిడికి ఆయిలు పోతాది గానీ తిరిగి రాదు.

14 పానా, కావలి:
అయితే కాలిపర్లకి 13 వేలు మిగిలినట్టే. హోసులు రెండు పక్కలా మార్చు, పెట్టినప్పటి నుంచీ రెండిటి వయసూ ఒకటే. హోసుని కాలిపర్‌కి బిగించే బాంజో బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేయి. ఆయిలు నల్లబడిందంటే చాన్నాళ్ళుగా మార్చలేదు. గాలిలో తేమని అది పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే ఆ హద్దు 155కి దిగుతుంది. మూత మీద ఏ డాట్ రాసుందో అదే పోయి. డాట్ 5 మాత్రం వేరే జాతి, కలపబాక. ఆయిలు పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడుగు.

మేస్త్రి, ఒంగోలు:
ఇప్పుడు నా మాట విను తమ్ముడూ. పైకొస ఒకసారి వదిలావు, బండిని ఇంక రోడ్డెక్కించొద్దు. హోసు కాడ ఇనప పైపు నట్టు తుప్పు పట్టుంటాది, మామూలు పానా వేస్తే గుండ్రమైపోతాది, పైపు మెలిపడతాది. దానికి నట్టుని చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా కావాల. ఆ తర్వాత బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు డబ్బాలో ఆయిలు అడుక్కి పోనియ్యకూడదు. నేనే వస్తా. రెండు హోసులు, ఆయిలు నేనే తెస్తా, బిల్లు చూపిస్తా. వచ్చిపోయేదానికి, పనికి కలిపి మజూరీ ముందే చెప్తా, బేరం ఆడొద్దు.

చెరువుగట్టు, కొత్తపట్నం:
బేరం ఆడను మేస్త్రీ. పాత హోసులు నాకియ్యాల, మీరు పనిచేస్తుంటే నేను పక్కనే ఉంటా, ఎట్టా చేస్తారో చూస్తా.

మేస్త్రి, ఒంగోలు:
చూడు. పెడలు నొక్కడానికి ఎట్టాగూ ఒక మనిషి కావాల. హోసు కోసి లోపల ఏమైందో చూపిస్తా. ఆదివారం పొద్దున్నే వస్తా.

14 పానా, కావలి:
పిన్నులు ఎట్టాగూ బయటకొస్తాయి గాబట్టి, సిలికాన్ గ్రీజు ట్యూబు ఒకటి తీసుకెళ్ళండి మేస్త్రీ గారూ. దాని డబ్బులు నేను పంపుతా.