సమస్య: "వెన్నెలను కొని దాచెను పెట్టెలోన"

నిర్వహణ:
పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తిచేయాలి. ఛందస్సు తేటగీతి. వాడుక రూపాలకు అనుమతి ఉంది, సరళాదేశం (క, చ, ట, త, ప లను గ, జ, డ, ద, బ లుగా మార్చడం) చేయకపోయినా ఫర్వాలేదు. యతి మాత్రం, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే పొత్తు, తప్పకూడదు. ఈసారి విషయం కూడా ఇస్తున్నాను: మూన్ నైట్ అనే కామిక్స్ హీరో ట్రేడింగ్ కార్డుల (బొమ్మ అచ్చేసిన, కొని పోగుచేసుకునే కార్డుల) సేకరణ.

ఆయన్ని ఎరగనివారి కోసం నాలుగు మాటలు. మార్వెల్ కామిక్స్‌లో 1975లో తొలిసారి కనిపించాడు. అప్పుడు హీరో కాదు, ఒక తోడేలు మనిషిని పట్టివ్వడానికి డబ్బు తీసుకున్న కిరాయి సైనికుడు. సొంత పత్రిక 1980లో మొదలైంది. అసలు పేరు మార్క్ స్పెక్టర్. ఈజిప్టులో ప్రాణం పోయే వేళ ఖోన్షు అనే చంద్రదేవుడి విగ్రహం ముందు మళ్ళీ లేచాడు. అప్పటినుంచి తెల్లటి ముసుగు, తెల్లటి అంగీ. ఒకే మనిషి కోటీశ్వరుడు స్టీవెన్ గ్రాంట్‌గా, టాక్సీ డ్రైవర్ జేక్ లాక్లీగా కూడా బతుకుతాడు. 2022లో ఓటీటీ సిరీస్ వచ్చేదాకా మనవైపు ఈ పేరు విన్నవాళ్ళు తక్కువే. స్పైడర్‌మ్యాన్ కార్డు ఎవరైనా దాస్తారు. ఈయన కార్డు కోసం వెతికేవాళ్ళ ప్రేమ వేరు. పద్యంలో నాకు అదే కనిపించాలి.

పాలపిట్ట:
చందురుని యంశ గలిగిన శౌర్యధనుని
బొమ్మకై యూరులన్నియు పోయి వెదకి
కడకు దొరికిన కార్డును కళ్ళకద్ది
వెన్నెలను కొని దాచెను పెట్టెలోన

నిర్వహణ:
నడక హాయిగా ఉంది. చం-శౌ యతి చక్కగా కుదిరింది. రెండు విషయాలు చూడండి. మూన్ నైట్ చంద్రుడి అంశ కాదు, ఆ దేవుడి సేవకుడు. అంశ అంటే పుట్టుకతో వచ్చిన బలం. ఇతనిది చచ్చి లేచి మోస్తున్న బాధ్యత, కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది. రెండోది, దాచింది ఎవరు? కర్త లేదు. పైగా "దొరికిన" అన్నాక "కొని" పొసగడం లేదు.

పాలపిట్ట:
నిజమేనండి. ఒకటో పాదం, మూడో పాదం మార్చాను.

చంద్రదేవుని బంటైన శౌర్యధనుని
బొమ్మకై యూరులన్నియు పోయి వెదకి
కడకు చెల్లెలు కార్డును కళ్ళకద్ది
వెన్నెలను కొని దాచెను పెట్టెలోన

నిర్వహణ:
"చెల్లెలు" రాగానే పద్యానికి ప్రాణం వచ్చింది.

గోదారిగట్టు:
తెల్లముసుగు వీరుని కార్డు దొరక నన్న
వెనుక నచ్చైన యోటమి పేర్మి జదివి
తొమ్మిదరలున్న పుటలోన తొలుత నునిచి
వెన్నెలను కొని దాచెను పెట్టెలోన

ఏరువాక:
మొదటి పాదంలో యతి తప్పింది కదండీ? తె, దొ హల్లులు ఒకే వర్గమే గానీ అచ్చులు కలవవు.

గోదారిగట్టు:
అవునండి. "తెల్లముసుగు వీరుని కార్డు తెచ్చి యన్న" అంటే సరిపోతుందా?

నిర్వహణ:
సరిపోయింది. రెండో పాదం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990లో ఇంపెల్ కంపెనీ వేసిన 162 కార్డుల సెట్‌లో కార్డు తిప్పితే హీరో చేసిన పోరాటాలు, గెలుపులు, ఓటములు అంకెల్లో ఉంటాయి, క్రికెట్ స్కోరు చూసినట్టు చూసుకోవచ్చు. గెలుపులు అందరూ చదువుతారు. ఓటమిని పేర్మితో చదివాడంటే ఆ అన్న ఈ హీరోని ఎంత ప్రేమించాడో వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిది అరల పుట కూడా కళ్ళకు కట్టింది. బైండర్ తెరిస్తే మూడు వరుసల్లో మూడేసి కార్డులు. పేరున్న హీరోలను కాదని ఈయన్ని మొదటి అరలో పెట్టడం!

ఏరువాక:
పద్యంతో సంబంధం లేని మాట ఒకటి. ఆ పుటలు పీవీసీవి కొనకండి. కొన్నేళ్ళకు జిగటగా మారి కార్డును పాడుచేస్తాయి. పాలీప్రొపిలీన్‌వి అడిగి తీసుకోండి. నా పూరణ ఇది:

పదికి పది యంచు వేసిన పట్టి చూచి
గట్టి పలకలో బిగియించి కదలకుండ
ధరలు పెరుగంగ నమ్ముదు దాని నంచు
వెన్నెలను కొని దాచెను పెట్టెలోన

నిర్వహణ:
యతుల్లో వంక లేదు. గ్రేడింగ్ కంపెనీకి పంపితే మూలలు, అంచులు, ముద్రణ నడిమధ్యన పడిందా లేదా చూసి పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి ఇస్తారు. నల్ల అంచున్న కార్డయితే మూల కాస్త నలిగినా తెల్లగా బయటపడుతుంది, మార్కు పోతుంది. ఇదంతా మీ మొదటి రెండు పాదాల్లో ఇమిడింది. కానీ మూన్ నైట్ ఎక్కడండీ? క్రికెట్ ఆటగాడి కార్డు మీద కూడా ఇదే పద్యం చెప్పొచ్చు. 1992 మార్వెల్ మాస్టర్‌పీసెస్ సెట్‌కు చిత్రకారుడు జో జుస్కో బొమ్మలన్నీ రంగులతో చేత్తో వేశారు. అలాంటి బొమ్మని పలకలో మూసేటప్పుడు, లోపల ఉన్నదెవరో పద్యం చెప్పాలి.

ఏరువాక:
రెండో పాదం మార్చాను.

పదికి పది యంచు వేసిన పట్టి చూచి
చంద్రుబంటును బంధించి చట్టమందు
ధరలు పెరుగంగ నమ్ముదు దాని నంచు
వెన్నెలను కొని దాచెను పెట్టెలోన

గోదారిగట్టు:
"బంధించి" అన్నమాట ఎంత బాగా పడిందండీ! దుష్టులను బంధించేవాడే ఆ ప్లాస్టిక్ చట్టంలో చిక్కుకున్నాడు.

నిర్వహణ:
నాకూ అదే నచ్చింది. ఇప్పుడు ఈ పద్యం ఇంకెవరి కార్డుకూ పనికిరాదు. అయినా ఈ వారం మొదటి స్థానం గోదారిగట్టు గారికే ఇస్తున్నాను, ఆ రెండో పాదం కోసం. పాలపిట్ట గారూ, మీ చెల్లెలు ఊళ్ళన్నీ తిరిగి ఏం చూసిందో చెబుతూ ఇంకో పూరణ పంపండి. ఆదివారం దాకా తీసుకుంటాను.